చివరి నాలుగు హోల్స్ కోసం స్కాట్లాండ్ దాకా

ఇంటికొచ్చాం కానీ పెట్టెలు ఇంకా పూర్తిగా ఖాళీ కాలేదు. ఆ గాలి చెవుల్లో ఉండగానే రాసేద్దామని కూర్చున్నాను.

మేం స్కాట్లాండ్ వెళ్లింది కోటలూ సరస్సులూ చూడ్డానికి కాదు. బావకీ నాకూ ఏళ్ల తరబడి ఒకటే వాదన. 18 హోల్స్ గోల్ఫ్ కోర్సుకి ముగింపు, అంటే చివరి నాలుగు హోల్స్, ఎలా ఉంటే గొప్ప? (మొదటి దెబ్బ నుంచి బంతిని గుంటలో వేసేదాకా సాగే ఒక్కో అంకం ఒక హోల్.) ఎంత కష్టంగా ఉంటే అంత గొప్ప అంటాడు బావ. చివరి హోల్ దగ్గరికి వచ్చేసరికి ఆటగాడి నరాలు తెగిపోవాలంటాడు. నేను ఒప్పుకోను. కష్టం పెంచడం ఎవరికైనా చేతనవుతుంది. మరో యాభై గజాలు పొడవు పెంచితే సరి. టీవీ ముందు కూర్చుని వాదించుకున్నది చాలు, వెళ్లి ఆ నేల మీద నడిచి తేల్చుకుందాం అనుకున్నాం. విమానాల సంగతి, హోటళ్ల సంగతి ఇక్కడ రాయను.

శనివారం, నార్త్ బెరిక్

ఎడిన్‌బరా వేవర్లీ స్టేషన్లో రైలెక్కితే అరగంట. దిగగానే ఉప్పుగాలి. ఊరి వీధి దాటి కిందికి నడిస్తే సముద్రం, దాని పక్కనే వెస్ట్ లింక్స్ అనే గోల్ఫ్ కోర్సు. దూరంగా నీళ్ల మధ్య బాస్ రాక్ నిలబడి ఉంటుంది. ఆ తెలుపంతా గానెట్ పక్షులూ వాటి రెట్టా.

ఫీజు ఒక్కొక్కరికి 200 పౌండ్లు దాటింది. బావ కార్డు గీస్తూ ఒక్క క్షణం ఆగాడు, అంతే. ఆట మొదలుపెట్టించే స్టార్టర్ పెద్దాయన మా చేతులు పట్టుకుని ఊపి, "గోడ ఉన్నా, ఇల్లున్నా, కారున్నా కంగారు పడకండి, అవన్నీ కోర్సులో భాగమే" అన్నాడు. మొదట మర్యాదకి అన్నాడనుకున్నాను. 13వ హోల్‌కి వచ్చేసరికి అర్థమైంది. గ్రీన్‌కి, అంటే గుంట చుట్టూ నున్నగా కత్తిరించిన పచ్చికకి, ముందు నిజంగానే ఒక పాత రాతిగోడ అడ్డంగా ఉంది. దాని మీదుగా బంతిని లేపి అవతల దించాలి. ఆ గోడని తీసేయాలన్న ఆలోచన ఇక్కడ ఎవరికీ రానందుకు వాళ్లకి దణ్ణం పెట్టాలి.

15వ హోల్ రెడాన్. సుమారు 190 గజాల పార్ 3, అంటే మంచి ఆటగాడు మూడు దెబ్బల్లో ముగించాల్సింది. ప్రపంచంలో ఎక్కువగా కాపీ కొట్టిన హోల్స్‌లో ఇదొకటి. మొదటి దెబ్బ కొట్టే చోటు, టీ దగ్గర నిలబడితే గ్రీన్ ఉపరితలం కనిపించదు. అది కుడి ముందు అంచు నుంచి ఎడమ వెనక్కి వాలి ఉంటుంది. జెండా మీదికి సూటిగా కొడితే బంతి అక్కడ ఆగదు. కుడిపక్కన దించి, నేలకి వదిలేయాలి. నేలే దాన్ని ఎడమకి తీసుకుపోతుంది. బావ ఎత్తుగా, అందంగా కొట్టిన బంతి ఎడమ బంకర్‌లో, అంటే ఇసుక గుంటలో, పడింది. నేను కొట్టింది కుడిపక్క గుట్ట మీద పడి, దొర్లి దొర్లి కనిపించకుండా పోయింది. పైకెక్కి చూస్తే జెండాకి రెండు బారల దూరంలో ఉంది.

16వ హోల్ పేరు గేట్. దాని గ్రీన్ రెండు అరుగుల మధ్య సందులా ఉంటుంది. జెండా ఒక అరుగు మీద, మన బంతి రెండో అరుగు మీద ఉంటే, పట్, అంటే గ్రీన్ మీద బంతిని దొర్లించే దెబ్బ, కిందికి దిగి మళ్లీ పైకి ఎక్కాలి. అలాంటి గ్రీన్ ఇవాళ ఎవరైనా కొత్తగా కడితే సభ్యులు ఊరుకోరు.

ఇక 18. మొత్తం 277 గజాలు. బాగా కొట్టేవాడు ఒక్క దెబ్బకి గ్రీన్ చేరొచ్చు. కానీ కుడివైపు అంతా రోడ్డు, రోడ్డు పొడవునా ఆపిన కార్లు. బంతి అటు వెళ్తే ఔట్ ఆఫ్ బౌండ్స్, హద్దు దాటినందుకు శిక్ష. పైగా ఎవరిదో అద్దం. ఎడమకి ఆడితే ఏ భయమూ లేదు, కానీ గ్రీన్ ముందున్న పల్లం అడ్డం వస్తుంది. కార్లలో ఒకదాంట్లో ముసలి దంపతులు ఒళ్లో చిప్స్ పొట్లాలు పెట్టుకుని మావైపే చూస్తున్నారు. వాళ్ల సాయంకాలం వినోదం ఇదే కాబోలు. కారుకి ఏమవుతుందోనన్న చింత వాళ్ల మొహాల్లో లేదు.

బావ అన్నిటికంటే దూరం కొట్టే కర్ర, డ్రైవర్ తీశాడు. "కష్టమైన హోల్ కాదుగా, మరి ఎందుకంతసేపు ఆలోచిస్తున్నావు బావా?" అన్నాను. జవాబు చెప్పలేదు.

రాత్రి మేమూ చిప్స్ పొట్లమే. ఇక్కడ వేయించేది హాడక్ చేప. కౌంటర్ వెనకమ్మాయి "సాల్ట్ అండ్ సాస్?" అని అడిగింది. ఎడిన్‌బరా చుట్టుపక్కల అదే పద్ధతి. గోధుమరంగు పుల్లటి సాస్ పల్చగా చేసి ధారగా పోస్తారు. కారం లేకపోయినా వేడివేడిగా ఆ చలిలో అమృతం.

ఆదివారం, సెయింట్ ఆండ్రూస్

ఈ ఊరికి రైలు లేదు. 1969లోనే ఆ లైను మూసేశారు. లూకర్స్‌లో దిగి బస్సెక్కాలి. మేం కావాలనే ఆదివారం వెళ్లాం. ఆ రోజు ఓల్డ్ కోర్స్‌లో ఆట ఉండదు. ఏటా బ్రిటన్‌లో జరిగే ఓపెన్ ఛాంపియన్‌షిప్ లాంటి పెద్ద పోటీలుంటే తప్ప ఆదివారం ఆ నేల ఊరివాళ్లది. తల్లులు పిల్లల బండ్లు తోసుకుంటూ వస్తారు, కుర్రాళ్లు గడ్డిలో కూర్చుని శాండ్‌విచ్‌లు తింటారు, టీ నుంచి గ్రీన్ దాకా ఉండే పచ్చిక బాటలు, ఫెయిర్‌వేల మీద కుక్కలు పరిగెడతాయి. 18వ హోల్‌లో ఉన్న స్విల్కన్ వంతెన దగ్గర ఫోటోల కోసం చిన్న క్యూ ఉంది. 2005లో అమెరికా గోల్ఫ్ దిగ్గజం జాక్ నిక్లాస్ ఆ వంతెన మీదే నిలబడి చేయి ఊపి, తర్వాత 18లో బర్డీ (పార్ కంటే ఒక దెబ్బ తక్కువ) కొట్టి ఓపెన్‌కి వీడ్కోలు చెప్పాడు. మేమూ వరుసలో నిలబడి ఫోటో దిగాం.

17వ గ్రీన్ దగ్గరే మాకు చాలాసేపు పట్టింది. రోడ్ హోల్ అంటారు దీన్ని. 495 గజాల పార్ 4. టీ నుంచి కొట్టే దెబ్బ హోటల్ మూల మీదుగా వెళ్లాలి. ఒకప్పుడు అక్కడ రైల్వే షెడ్లుండేవి. రైలు పోయినా ఆ అడ్డం పోలేదు. గ్రీన్ సన్నగా, ఏటవాలుగా ఉంటుంది. ముందు ఎడమపక్క గ్రీన్‌లోకి పొడుచుకొచ్చిన చిన్న లోతైన బంకర్. వెనక రోడ్డు, దాన్నానుకుని రాతిగోడ. రోడ్డు మీద పడ్డ బంతిని ఉన్నచోటినుంచే ఆడాలి, తీసి పక్కన పెట్టుకునే వీల్లేదు.

టీవీలో చూస్తే ఆ బంకర్ చిన్నగా కనిపిస్తుంది. నిజానికి కొలతకి అది చిన్నదే. కానీ చుట్టూ ఉన్న నేల దానికోసమే పనిచేస్తుందని అక్కడ నిలబడితే కానీ తెలియదు. మేం వంగి చూస్తుంటే, కుక్కని తిప్పుతున్న పెద్దాయన ఒకరు ఆగారు. ట్వీడ్ టోపీ, మోకాళ్ల దాకా బురద. జేబులోంచి కుక్క ఆడుకునే టెన్నిస్ బంతి తీసి, బంకర్‌కి ఆరేడు అడుగుల దూరంలో గడ్డి మీద పెట్టి, వేలితో ఊరికే తాకారు. బంతి పక్కకి పోతున్నట్టే పోయి, మెల్లగా తిరిగి, అంచు దాకా వచ్చి లోపలికి జారింది. "నాకజిమా" అన్నారాయన, ఇంకేమీ చెప్పనక్కర్లేదన్నట్టు. 1978 ఓపెన్‌లో జపాన్ ఆటగాడు టామీ నాకజిమా గ్రీన్ మీదినుంచి కొట్టిన పట్ ఇలాగే తిరిగి బంకర్‌లో పడింది. ఆ హోల్‌కి అతను 9 దెబ్బలు రాసుకున్నాడు. పెద్దాయన లోపలికి దిగి బంతి తీసుకుని, తన అడుగుజాడలు రేక్‌తో సాపు చేసి, టోపీ తాకి వెళ్లిపోయారు. ఆట లేని రోజున, రేక్ పట్టి ఇసుక సర్దారు. ఆ ఊరి మర్యాద నాకు అక్కడ కనిపించింది.

చలికి తట్టుకోలేక మధ్యాహ్నం కలెన్ స్కింక్ తాగాం. పొగబెట్టిన హాడక్, బంగాళాదుంప, ఉల్లి, పాలు వేసి కాచిన చిక్కటి సూప్. గిన్నెకి తొమ్మిది పౌండ్ల దాకా అయింది. రొట్టె, వెన్న దాంతోపాటే ఇచ్చారు. పాలల్లో చేప అంటే ముందు మొహం చిట్లించిన బావ రెండో గిన్నె తెప్పించుకున్నాడు.

సోమవారం, అదే గోడ పక్కన

బ్యాలట్‌లో మా పేర్లు రాలేదు. ఓల్డ్ కోర్స్‌లో ఆడాలంటే రెండు రోజుల ముందు లాటరీలో పేరు రావాలి. ఫీజు 300 పౌండ్ల పైమాటే. బావ మొహం వాడింది కానీ, నాకది వరమే అయింది. 17 వెనక గోడ దగ్గర ఒక పూట, 18 గ్రీన్ పక్కన తెల్ల కంచె దగ్గర ఒక పూట గడిపాం. పైసా ఖర్చు లేదు.

మామూలు మనుషులు ఆ రెండు హోల్స్ ఎలా ఆడతారో చూడాలి. ఒకతను ఏమీ ఆలోచించకుండా జెండా మీదికి కొట్టాడు. బంతి గ్రీన్ దాటి రోడ్డు మీద టకటకమని ఎగిరి, గోడకి తగిలి, గోడ మొదట్లో ఆగింది. క్లబ్ వెనక్కి ఎత్తడానికి జాగా లేదు. 1984లో టామ్ వాట్సన్‌కి సరిగ్గా ఇదే జరిగింది. అతను గోడ దగ్గర తంటాలు పడుతున్నప్పుడే, ముందు 18లో సెవె బయెస్తెరోస్ బర్డీ కొట్టాడు. ఆ కేక వాట్సన్‌కి వినపడింది. ఓపెన్ సెవెదైంది. రెండు హోల్స్ ఇంత దగ్గరగా, ఒకదాని అరుపు ఇంకోదానికి వినపడేలా ఉండటం కూడా ముగింపు గొప్పతనంలో భాగమే అని నాకు గోడ దగ్గర నిలబడ్డాకే తట్టింది.

ఆ తర్వాత ఒక నడివయసు స్త్రీ వచ్చింది. రెండో దెబ్బని గ్రీన్ దాకా తేలేదు. కావాలనే కుడిపక్క ముందు భాగంలో దించింది. అక్కడినుంచి పొడవాటి పట్‌తో జెండా దగ్గరకి చేర్చి, ఇంకో పట్‌తో ముగించింది. పార్. గోడ దగ్గరున్న మేమంతా చప్పట్లు కొడితే సిగ్గుపడి చేయెత్తింది. 2022లో కామెరాన్ స్మిత్ చేసిందీ ఈ తెలివైన పనే. బంకర్ అతనికీ జెండాకీ మధ్య ఉంటే, దాని మీదుగా లేపలేదు. పటర్‌తో పక్కనుంచి చుట్టి తెచ్చి పార్ కాపాడుకుని, 18లో బర్డీతో ఓపెన్ గెలిచాడు.

18 చూసి బావ నిరాశపడ్డాడు. "ఇదేం హోల్ బామ్మర్దీ, మైదానంలా ఉంది." నిజమే. 357 గజాలు, ఒక్క బంకర్ లేదు, ఒకటో హోల్‌తో కలిసిపోయిన అంత వెడల్పు ఫెయిర్‌వే. మధ్యలో ఊరి రోడ్డు అడ్డంగా వెళ్తుంది, జనం అటూ ఇటూ చూసి దాటతారు. గ్రీన్ ముందు ఎడమపక్క వ్యాలీ ఆఫ్ సిన్ అనే పల్లం ఒక్కటే అడ్డంకి. 1995లో కోస్తాంతినో రోకా ఆ పల్లంలో బంతిని చెడగొట్టుకుని, మరుక్షణం అక్కడినుంచే పట్ వేసి హోల్‌లో దించి టై చేశాడు. టై తేల్చడానికి ఆడిన ప్లేఆఫ్‌లో 17వ హోల్ బంకర్ అతన్ని మింగింది, జాన్ డేలీ గెలిచాడు. 1970లో డగ్ శాండర్స్ ఇదే 18లో మూడడుగుల లోపు పట్ తప్పి, మర్నాడు ప్లేఆఫ్‌లో నిక్లాస్ చేతిలో ఓడాడు.

నా వాదన అక్కడే చెప్పాను బావకి. 17లో ముందున్నవాడికి వణుకు పుట్టాలి. 18లో వెనకున్నవాడికి ఆశ పుట్టాలి. రెండు హోల్సూ భయపెడితే ముందున్నవాడు నెమ్మదిగా ఆడుకుంటూ గెలిచేస్తాడు, ఎందుకంటే వెనకున్నవాడికీ బర్డీ రాదు. రెండూ తేలికైతే ముందున్నవాడు నిద్రపోవచ్చు. ఈ రెండు పక్కపక్కన ఉన్నాయి కాబట్టే ఇక్కడ చివరి అరగంట ఎవరిదో ఎప్పుడూ తెలియదు.

ఆట ముగించిన ప్రతి నలుగురూ టోపీలు తీసి చేతులు కలపడం గమనించాను. ఓడినవాడు ముందు చేయి చాస్తాడు. ఒక నాన్నా కొడుకూ మాత్రం చేతులు కలిపి, అలాగే పట్టుకుని మెట్లెక్కారు.

సాయంత్రం పక్కనే ఉన్న హిమాలయాస్‌లో కొద్ది పౌండ్లకే పట్టింగ్ ఆడుకున్నాం. 1867 నుంచి మహిళల క్లబ్ నడుపుతున్న గుట్టల పచ్చిక అది.

మంగళవారం, కార్నౌస్టీ

డండీ మీదుగా రైలు. బేకరీలో బ్రైడీలు కొన్నాం, మాంసం కూరిన కజ్జికాయలాంటివి. పైన ఒక చిల్లు ఉంటే ఉల్లి లేనిది, రెండు చిల్లులుంటే ఉల్లి ఉన్నది. కౌంటర్ దగ్గర ఎవరూ అడగరు, చిల్లు చూసి తీసుకుంటారు.

ఇక్కడ మా ఇద్దరికీ ఫీజు పెట్టే స్తోమత లేక బావ ఒక్కడే ఆడాడు, నేను బ్యాగు మోశాను. మొదటి 14 గురించి రాయను. అవి బాగాలేక కాదు, 15 నుంచి మొదలయ్యేదాని ముందు ఏవీ గుర్తుండవు. ఆ రోజు గాలి ఎదురు. 16 పార్ 3, కానీ 248 గజాలు. 1975లో ఇక్కడ ఓపెన్ గెలిచిన టామ్ వాట్సన్‌కే నాలుగు రౌండ్లూ ప్లేఆఫూ కలిపి ఈ హోల్‌లో ఒక్క పార్ రాలేదు. బావ డ్రైవర్‌తో కొట్టినా గ్రీన్ చేరలేదు.

17, 18లలో బ్యారీ బర్న్ అనే వాగు ఉంది. వెడల్పు పెద్దగా లేదు. కానీ పాములా కాదు, లెక్కకట్టినట్టు తిరుగుతుంది. డ్రైవ్ ఎక్కడ పడాలో అక్కడ ఒకసారి, రెండో దెబ్బ ఎక్కడ పడాలో అక్కడ ఇంకోసారి అడ్డం వస్తుంది. రాతిగట్లు నిట్టనిలువుగా ఉంటాయి. 17ని ఐలాండ్ అంటారు, వాగు చుట్టి వదిలిన నేల మీద బంతి దించాలి కాబట్టి. 18 పొడవు 499 గజాలు, పార్ 4. గ్రీన్ ముందు మళ్లీ అదే వాగు. ఎడమపక్క ఔట్ ఆఫ్ బౌండ్స్.

చిన్న వంతెన మీద ఆగి కిందికి చూశాను. గోధుమరంగు నీళ్లు, అడుగున రాళ్లు, ఒక తెల్ల బంతి. 1999లో జాన్ వాన్ డ వెల్డ ఈ హోల్‌కి మూడు దెబ్బల ఆధిక్యంతో వచ్చాడు. 6 కొట్టినా ఓపెన్ అతనిదే. రెండో దెబ్బ ప్రేక్షకుల స్టాండ్ కమ్మీకి తగిలి, వాగు రాతిగట్టుకి తగిలి, వెనక్కి వచ్చి గుబురు గడ్డిలో పడింది. మూడోది వాగులో. బూట్లు విప్పి, ప్యాంటు మడిచి నీళ్లలో నిలబడ్డాడు. అక్కడినుంచి ఆడలేక పెనాల్టీ తీసుకున్నాడు. తర్వాతిది బంకర్‌లో. చివరికి 7. ప్లేఆఫ్ పాల్ లారీ గెలిచాడు. జనం దీన్ని నవ్వుకుంటూ చెప్పుకుంటారు. ఆ గట్టు మీద నిలబడ్డాక నాకు నవ్వు రాలేదు. ఆ 7 కోసం కొట్టిన ఆఖరి పట్ ఆరడుగులు పైనే ఉంటుంది, అంత జరిగాక కూడా దాన్ని దించాడు. నాకు అతని మీద గౌరవం పెరిగింది.

2007లో పాడ్రిగ్ హారింగ్టన్ ఇదే హోల్‌లో రెండుసార్లు వాగులో వేసి 6 తెచ్చుకున్నాడు. అయినా ప్లేఆఫ్‌లో గెలిచాడు, ఎందుకంటే పార్ చేస్తే గెలిచే సెర్జియో గార్సియాకి కూడా పార్ రాలేదు. 2018లో ఫ్రాన్సెస్కో మొలినారి ఇక్కడే బర్డీతో ముగించాడు.

నా వాదన కొంచెం కదిలింది. ఇది కష్టమైన హోలే, కానీ దీని గొప్పతనం పొడవులో లేదు. వాగు ప్రతి దెబ్బకీ ఒక ప్రశ్న వేస్తుంది: దాటుతావా, ముందే ఆగుతావా? ముందున్నవాడు కూడా జవాబు చెప్పి తీరాలి. బావ 18లో రెండో దెబ్బ ముందే ఆపి, మూడోది వాగు మీదుగా లేపి, రెండు పట్లతో 5 చేశాడు. "నువ్వన్న ఆశ ఇక్కడ లేదు, కానీ తెగింపు ఉంది" అన్నాడు. ఒప్పుకున్నాను.

మర్నాడు పొద్దున ఆర్బ్రోత్ వెళ్లి స్మోకీ తిన్నాం. తోకలు జతగా కట్టి గట్టి కట్టె పొగ మీద ఉడికించిన హాడక్. కాగితంలో పెట్టి వేడిగా ఇస్తారు, చేత్తో ముళ్లు ఏరుకుంటూ తినాలి. ఈ ప్రయాణంలో తిన్నవాటిలో ఇదే మొదటిస్థానం. ఆ రోజంతా రైళ్లలో పడమటి తీరానికి పోయింది.

గురువారం, ప్రెస్ట్‌విక్

గ్లాస్గో నుంచి వచ్చే రైలు ముందు ప్రెస్ట్‌విక్ ఎయిర్‌పోర్ట్ స్టేషన్లో ఆగుతుంది. పేరు చూసి దిగేశాం. ఊరి స్టేషన్ తర్వాతిది. ప్లాట్‌ఫారం మీద ఒకావిడ మా బ్యాగులు చూసి, అడక్కుండానే "గోల్ఫా? దిగాల్సింది ఇక్కడ కాదు" అని దారి చెప్పింది. చెప్పి ఊరుకోలేదు, మలుపు దాకా తనే వచ్చింది.

1860లో మొట్టమొదటి ఓపెన్ ఇక్కడే జరిగింది. ఎనిమిదిమంది ఆటగాళ్లు, 12 హోల్స్ కోర్సు, ఒకే రోజులో మూడు చుట్లు. గెలిచింది విల్లీ పార్క్. 1925 తర్వాత ఇక్కడ ఓపెన్ జరగలేదు, జనం పట్టే జాగా లేదు.

మాతో వచ్చిన క్యాడీ, అంటే బ్యాగు మోసి దారి చెప్పే మనిషి, మాటకారి. 15 దగ్గర చెప్పాడు, ఇక్కడి సభ్యులు ఎక్కువగా మ్యాచ్‌లే (ఎక్కువ హోల్స్ గెలిచినవాడిదే ఆట) ఆడతారని, చాలా మ్యాచ్‌లు 18 దాకా రావని. నిజమే. మూడు హోల్స్ ఆధిక్యంలో ఉండి రెండే మిగిలితే ఆట అయిపోయినట్టే. అందుకే ముగింపు 15 నుంచే మొదలవ్వాలి. ఈ మాట టీవీలో మొత్తం దెబ్బలు లెక్కపెట్టే స్ట్రోక్ ప్లే చూసి పెరిగిన మా ఇద్దరికీ ఇంతకుముందు తట్టలేదు.

16 చిన్నది, 288 గజాలు. ఆశపెడుతుంది. అక్కడి బంకర్‌లోనే విల్లీ క్యాంప్‌బెల్ 1887 ఓపెన్ పోగొట్టుకున్నాడు, అందుకే దాన్ని అతని సమాధి అంటారు. 17 ఆల్ప్స్. 1860 నాటి 12 హోల్స్‌లో ఇదీ ఉంది. 391 గజాలు. రెండో దెబ్బ కొట్టేచోట ఎదురుగా గడ్డిగుట్ట తప్ప ఏమీ కనిపించదు. గుట్ట అవతల సహారా అనే పెద్ద బంకర్, దాని అవతల గ్రీన్. క్యాడీ గుట్ట మీద ఒక తెల్లరాయి చూపించి, "దానికి కొంచెం ఎడమ" అన్నాడు. కొట్టి, పరుగులాంటి నడకతో గుట్టెక్కాం. నా బంతి సహారాలో, బావది గ్రీన్ మీద. హోల్ అయ్యాక గంట కొట్టాలి, వెనకవాళ్లకి దారి ఇచ్చామని. బావ గట్టిగా కొట్టాడు.

18 పేరు క్లాక్. 284 గజాలు. నార్త్ బెరిక్‌లోలాగే, గట్టిగా కొట్టేవాడికి గ్రీన్ అందుతుంది. బావ ఈసారి డ్రైవర్ బదులు తక్కువ దూరం కొట్టే ఐరన్ తీశాడు, తర్వాత బంతిని ఎత్తుగా లేపే వెడ్జ్‌తో దగ్గర పెట్టి బర్డీ చేసి మ్యాచ్ సమం చేశాడు.

తిరుగు రైల్లో జాబితా వేసుకున్నాం. బావకి కార్నౌస్టీ మొదటిది, సెయింట్ ఆండ్రూస్ రెండు. నాకు తలకిందులు. మూడో స్థానంలో నార్త్ బెరిక్ అని నేను, ప్రెస్ట్‌విక్ అని బావ. మీరెవరైనా వెళ్తే, ఆదివారం ఓల్డ్ కోర్స్ నడిచి చూసి, సోమవారం మధ్యాహ్నం నుంచి 17 వెనక గోడ దగ్గర నిలబడండి. స్వెటర్ రెండు వేసుకోండి, ఎండ ఉన్నా సరే. బ్యాలట్‌లో పేరు వేయడం మాత్రం మానొద్దు. మేం వచ్చే వేసవికి మళ్లీ వేస్తాం.